‘మన అరకు’ అనే ముందు

తెలుగులో ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. ‘మా ఊరు’ అన్నప్పుడు వినేవాడు ఊరి బయట ఉన్నాడు. ‘మన ఊరు’ అన్నప్పుడు అతను కూడా ఊరి మనిషే. ఇంగ్లీషులో, హిందీలో ఈ రెండింటికీ ఒకటే మాట. మనకు రెండున్నాయి కాబట్టి ఏది ఎక్కడ వాడుతున్నామో చూసుకోవలసిన పని కూడా మనకుంది. చలికాలం వచ్చిందంటే విశాఖపట్నంలో ఎవరిని కదిపినా ‘మన అరకు’, ‘మన లంబసింగి’, ‘మన వంజంగి’ అంటారు. ఆ మాట వింటే మాకు సంతోషమే. అయితే ఆ ‘మన’లో అక్కడ పుట్టి పెరిగిన మనుషులు కూడా ఉన్నారా, లేక కొండ, మంచు, పూలు మాత్రమే ఉన్నాయా అనే అనుమానం వస్తుంది. ఈ వ్యాసం ఆ అనుమానం గురించే.

మేము గాజువాకలో అద్దె గదుల్లో ఉంటున్న ఏజెన్సీ పిల్లలం. అనంతగిరి, హుకుంపేట, జి.మాడుగుల మండలాల వాళ్ళం. కొందరం ఆటోనగర్‌లో పనిచేస్తున్నాం, కొందరం కాంట్రాక్టు పనులకు వెళుతున్నాం, మిగిలినవాళ్ళం చదువుకుంటున్నాం. మాతో కలిసి పనిచేసే మైదానం స్నేహితులు చాలాకాలంగా ‘మీ వైపు ఒకసారి తిప్పండ్రా’ అని అడుగుతున్నారు. పోయిన డిసెంబరులో ఐదు బళ్ళ మీద పదిమందిమి బయలుదేరాం. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కి అరకు. అక్కడినుంచి డుంబ్రిగుడ, హుకుంపేట మీదుగా పాడేరు. పెదబయలు, ముంచింగిపుట్టు దాటి జోలాపుట్టు జలాశయం. వెనక్కి వచ్చి చింతపల్లి, లంబసింగి, తాజంగి చూసుకుని నర్సీపట్నం, అనకాపల్లి మీదుగా మళ్ళీ గాజువాక. మూడు రోజులు.

తిరిగినంతసేపూ మా మధ్య ఒక వాదన నడుస్తూనే ఉంది. ఒక చోటును చూసి ఆనందించి వెళ్ళిపోయేవాడు ఆ చోటుకు ఏమైనా బాకీ పడతాడా? మా స్నేహితులది ఒక పక్షం. చూస్తే కొండ తరిగిపోతుందా, చెరువు ఇంకిపోతుందా? ఎవరి సొత్తూ తీసుకోలేదు, ఎవరినీ ఏమీ అనలేదు. వచ్చాం, చూశాం, తిండికీ బసకూ డబ్బులిచ్చాం, వెళుతున్నాం. ఇందులో బాకీ ఎక్కడినుంచి వచ్చింది? ఇది తేలిగ్గా తోసేయదగ్గ వాదన కాదు. దీనికి జవాబు చెప్పాలంటే దారి పొడవునా కనిపించిన వాటిని ఒక్కొక్కటిగా మాట్లాడుకోవాలి.

ముందు అందం సంగతి. గాలికొండ దగ్గర బళ్ళు ఆపి కిందికి చూసినప్పుడు మా స్నేహితులు మాటలు మానేశారు. మేమూ మానేశాం. ఏజెన్సీ మనిషికి కొండ అంటే బతుకుతెరువు మాత్రమేననీ, అందం చూడటం పట్నం వాళ్ళ అలవాటనీ మనవాళ్ళలోనే కొందరు అంటుంటారు. అది నిజం కాదు. ఆ రోజు ఫోన్లు ముందుగా తీసింది మేమే. చిన్నప్పుడు వందసార్లు నడిచిన వాలు మాకు కొత్తగా కనిపించింది. కారణం వెతికితే దొరికింది: ఆ రోజు మా భుజాల మీద కట్టెల మోపు లేదు, చేతిలో నీళ్ళ బిందె లేదు. మోపు ఎత్తుకున్న మనిషి కాలి కింద రాయిని చూస్తాడు. మోపు దించుకున్న మనిషి లోయను చూస్తాడు. కళ్ళు అవే, కొండ అదే, మధ్యలో తీరిక వచ్చింది. కాబట్టి అందాన్ని చూడగలగటం గొప్ప మనసుకు గుర్తూ కాదు, చూడలేకపోవటం మొద్దుతనానికి గుర్తూ కాదు. తీరిక ఎవరి చేతిలో ఉంటే చూపు వాళ్ళ చేతిలో ఉంటుంది. మనం లోయను చూసి మురుస్తున్న అదే నిమిషంలో మన పక్కనుంచి ఎవరో మోపు ఎత్తుకుని నడిచిపోతున్నారని గుర్తించటం దగ్గరే ఈ ప్రశ్న మొదలవుతుంది.

అరకు లోయలో వలిసె పూసి ఉంది. నవంబరు, డిసెంబరు నెలల్లో ఆ పసుపు రంగు చూడటానికి ఎక్కడెక్కడినుంచో వస్తారు. ఒక చేను గట్టు మీద ఒక అమ్మ కూర్చుని, లోపలికి వెళ్ళి ఫొటోలు దిగేవాళ్ళ దగ్గర మనిషికి ఇరవై రూపాయలు తీసుకుంటోంది. మా స్నేహితుడొకడు నవ్వుతూనే అన్నాడు: ‘పూలు చూడ్డానిక్కూడా డబ్బులేటిరా?’

ఆమె తీసుకుంటున్నది చూపుకు కాదు. రోడ్డు మీద నిలబడి ఎంతసేపు చూసినా ఆమె ఏమీ అడగలేదు. వలిసె పూలతోట కాదు, పంట. ఆ పువ్వు రాలి గింజ కడితే గానుగకు వెళుతుంది, నూనె అవుతుంది. ఫొటో కోసం చేలోకి దిగిన ప్రతి జత కాళ్ళ కింద కొన్ని మొక్కలు పడతాయి. రోజుకు వంద మంది దిగితే చేను మధ్యలో బాట పడుతుంది. ఆ నష్టం లెక్క ఆమెకు తెలుసు, ఫొటో దిగేవాళ్ళకు తెలియదు. అంటే ‘చూస్తే ఏం తరుగుతుంది’ అనే వాదన రోడ్డు మీద నిలబడినంతసేపే నిలుస్తుంది. ఒక్క అడుగు లోపలికి వేస్తే తరుగు మొదలవుతుంది. చూడటానికి వచ్చిన మనిషి ఎప్పుడూ రోడ్డు మీదే ఆగడు. తాగిన సీసా వాగులో పడేస్తాడు, పాట పెద్దగా పెడతాడు, అడగకుండా ఇంటి ముందు ముసలమ్మను ఫొటో తీస్తాడు. వంజంగి కొండ మీద మబ్బుల్ని చూడటానికి జనం ఎక్కటం మొదలైన తరవాత ఆ దారిలో ప్లాస్టిక్ పేరుకుపోయింది. మబ్బులు తరగలేదు, నిజమే. కింద ఊరి పశువులు మేసే చోటు తరిగింది.

ఇక్కడ మన పెద్దల పద్ధతి ఒకటి గుర్తు చేసుకోవాలి. మన్యంలో ఏ పంటనైనా, ఏ పండునైనా ‘కొత్త’ చేయకుండా తినరు. మామిడి కొత్త కాకుండా మామిడికాయ నోట పెట్టరు. కొర్ర కొత్త కాకుండా కొర్ర అన్నం వండరు. ముందు దేవతకు, పెద్దలకు పెట్టి, తరవాత మనం తినాలి. చదువుకున్నవాళ్ళం దీన్ని ఆచారం అని పక్కన పెట్టేస్తాం. కానీ దాని లోపల ఒక ఆలోచన ఉంది: చెట్టుకు కాసినంత మాత్రాన అది నీది అయిపోదు, అడిగి తీసుకో. అడగటం వల్ల మామిడికాయ రుచి మారదు. తీసుకునేవాడు మారతాడు. గట్టు మీద ఆ అమ్మ తీసుకునే ఇరవై రూపాయలను దుకాణం బేరంలా కాకుండా, అడగటం మరిచిపోయినవాళ్ళకు అడగటాన్ని గుర్తుచేసే పద్ధతిలా చూడవచ్చు.

ఇటుకల పండుగ రోజుల్లో ఏజెన్సీ రోడ్ల మీద వెళ్ళినవాళ్ళకు మరో సంగతి తెలిసి ఉంటుంది. మగవాళ్ళు వేటకు వెళితే ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి, పాట పాడి, థింసా ఆడి, వచ్చే పోయే బండి నుంచి పదో పరకో తీసుకుని వదులుతారు. కొందరు ప్రయాణికులు విసుక్కుంటారు. దాన్ని అడుక్కోవటం అనుకుంటారు. అడుక్కునేవాడు పక్కన నిలబడి చేయి చాపుతాడు. ఇక్కడ ఆడవాళ్ళు దారికి అడ్డంగా నిలబడి బండిని ఆపుతున్నారు. ‘నువ్వు మా ఊరి మీదుగా వెళుతున్నావు, ఒక్క నిమిషం ఆగి మా మొహం చూసి వెళ్ళు’ అంటున్నారు. మిగిలిన రోజుల్లో కారు అదే ఊరి మీదుగా ఆగకుండా వెళ్ళిపోతుంది. అద్దంలోంచి ఊరు కనిపిస్తుంది, మనిషి కనిపించడు. పండుగ రోజు కర్ర అడ్డం పడితే మనిషి కనిపిస్తాడు.

రెండో రోజు మధ్యాహ్నానికి జోలాపుట్టు చేరాం. మూడు రోజుల్లో అందరికీ బాగా నచ్చిన చోటు అదే. కొండల మధ్య నీళ్ళు, నీళ్ళ మధ్య పచ్చటి దిబ్బలు, అటూ ఇటూ తిరిగే నాటు పడవలు. మాచ్‌ఖండ్ నది మీద కట్టిన ఆనకట్ట వెనక నిలిచిన నీరు అది. ఒక ఒడ్డు మనది, ఒక ఒడ్డు ఒడిశాది. ఆ నీటితో తిరిగే మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. అప్పటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ వచ్చి ప్రారంభించారు. దేశం కొత్తగా స్వతంత్రమైన రోజులు. కరెంటు అంటే వెలుగు, వెలుగు అంటే ముందడుగు. ఆ వెలుగు కోస్తా పట్టణాలకు వెళ్ళింది. ఆ నీళ్ళ కోసం దాదాపు 3,000 కుటుంబాలు ఊళ్ళు వదిలాయని, అందులో సగం మంది ఆదివాసులని పరిశోధకులు లెక్క కట్టారు. అప్పటికి పునరావాసానికి చట్టం గానీ విధానం గానీ లేదు. కొద్దిమందికి భూమి దొరికింది. ఎక్కువమంది తమ దారి తాము చూసుకుని కొండలెక్కారు.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని ‘తాతా, ఈ నీళ్ళు ఎంత లోతుంటాయి’ అని మా స్నేహితుడు అడిగాడు. ఆయన లోతు చెప్పలేదు. చేయి చాపి, ‘అదిగో, ఆ రెండు దిబ్బల నడుమ మా అయ్య పుట్టిన ఊరు’ అన్నాడు. ఊరి పేరు కూడా చెప్పాడు. మాలో ఎవరమూ ఆ పేరు ఎప్పుడూ వినలేదు. ఏజెన్సీలో పుట్టిన మాకే తెలియదు. మా బడి పుస్తకాల్లో మాచ్‌ఖండ్ ఉంది, అది ఎన్ని మెగావాట్లో ఉంది. నీళ్ళ కింద ఊళ్ళ పేర్లు లేవు.

ఇదే నది సీలేరుగా మారి దిగువకు పోయాక బలిమెల జలాశయం ఉంది. ఆ నీళ్ళు చుట్టుముట్టటంతో చిత్రకొండ దగ్గర 151 ఊళ్ళు దాదాపు దీవిలా మిగిలిపోయాయి. ఆ చోటుకు ‘కటాఫ్ ఏరియా’ అనే పేరే వచ్చింది. ఆసుపత్రికి వెళ్ళాలన్నా, సంతకు వెళ్ళాలన్నా పడవే. 910 మీటర్ల గురుప్రియ వంతెన 2018 జులై 26న తెరిచేదాకా, దాదాపు రెండు తరాలు అలాగే బతికాయి. ఒడ్డున నిలబడి చూసేవాడికి అది సరస్సు. అవతల నొప్పులు పడుతున్న ఆడమనిషికి అది అడ్డుగోడ. ఇద్దరూ చూస్తున్నది ఒకే నీళ్ళను. సరస్సు అందం అబద్ధం కాదు. అందం ఒక్కటే చెప్పి మిగతాది చెప్పకపోతే అది అబద్ధమవుతుంది.

జోలాపుట్టు ఒడ్డున మా వాదన ఒక మలుపు తిరిగింది. తిప్పింది మేము కాదు, మాతో వచ్చిన గాజువాక కుర్రవాడు. వాళ్ళది అగనంపూడి దగ్గర నిర్వాసితుల కాలనీ. ఉక్కు కర్మాగారం కోసం 64 ఊళ్ళు ఖాళీ చేయించారు. వాళ్ళ తాత ఊరు అందులో ఒకటి. ఇంట్లో ఇప్పటికీ ‘ఆర్ కార్డు’ ఉంది. ఆ పెద్దాయన వెళ్ళాక అతను మెల్లిగా అన్నాడు: ‘మా తాత ఊరు కూడా ఇలాగే. కాకపోతే మాది నీళ్ళ కింద కాదు, ఫ్యాక్టరీ కింద. మా నాన్న గోడ బయటినుంచి చూపించి, అదిగో అక్కడ మన ఇల్లు అనేవాడు.’

దీని మీద మేము చాలా మాట్లాడుకున్నాం. ఉక్కు కర్మాగారం కోసం 1966లో ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అని రాష్ట్రమంతా లేచింది. 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ పునాదిరాయి వేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు. అందులో కరిగే ఇనుప ఖనిజం బైలదిల్లా కొండలది, అవీ ఆదివాసుల కొండలే. ఆ ఖనిజం రావటానికి వాడే రైలుమార్గం అరకు మీదుగా వెళ్ళే కొత్తవలస-కిరండోల్ లైను. 1960ల్లో జపాన్‌కు ఖనిజం పంపటం కోసం కొండల్ని తొలిచి వేసిన లైను అది. 2017లో దాని మీదికే అద్దాల పెట్టె వచ్చింది. కాబట్టి గాజువాకకూ కొండకూ సంబంధం మేము స్నేహితుల్ని తీసుకెళ్ళిన రోజు మొదలవలేదు. మా గది కిటికీలోంచి కనిపించే పొగగొట్టంలోంచి ఏజెన్సీ కొండలే పొగగా పోతున్నాయి. విశాఖ తాగే నీళ్ళలో కొంత అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనిది, తాటిపూడి జలాశయంలో ఆగి నగరానికి వస్తుంది. కొండను చూడటానికి ఎన్నడూ రానివాడు కూడా కొండను వాడుకుంటూనే ఉన్నాడు.

ఉక్కు కర్మాగారాన్ని ప్రైవేటుపరం చేస్తామని 2021 జనవరిలో ప్రకటన వచ్చినప్పుడు కూర్మన్నపాలెం కూడలిలో శిబిరం వేశారు. వెయ్యి రోజులు దాటినా రిలే దీక్షలు ఆగలేదు. ఎండలో, వానలో కార్మికులు, నిర్వాసితులు వచ్చి కూర్చున్నారు. వాళ్ళు ‘మన ఉక్కు’ అంటే ఆ మాట ఎవరికీ తేలిగ్గా అనిపించదు. ఆ ‘మన’ వెనక ఊళ్ళు వదిలినవాళ్ళున్నారు, ప్రాణాలు పోయినవాళ్ళున్నారు, జీతం పోగొట్టుకుని దీక్షలో కూర్చున్నవాళ్ళున్నారు. ‘మన’ అనే మాట నిలబడాలంటే దాని వెనక పాలుపంచుకోవటం ఉండాలి. గాజువాక ఈ సంగతి మాకు నేర్పింది. అదే కొలతతో ‘మన అరకు’ను కొలిస్తే ఎంత తూగుతుంది? బొర్రా పక్క ఊళ్ళో గని తవ్వుతామంటే, లేదా ఏ గుడిసెలోనో ఒక బాలింతను డోలీలో మోసుకొస్తున్నారంటే, ‘మన అరకు’ అన్నవాళ్ళలో ఎంతమంది అది తమ పని అనుకుంటారు? మేము అడుగుతున్న బాకీ ఇదే. డబ్బు బాకీ కాదు, మాట బాకీ. ‘మన’ అన్నావు కాబట్టి అడుగుతున్నాం. ‘మీ అరకు చూడ్డానికి వచ్చాం’ అని ఉంటే ఇంతగా అడిగేవాళ్ళం కాదు.

మూడో రోజు లంబసింగి దారిలో ఇంకో సంగతి మాట్లాడుకున్నాం. పొద్దున్నే పొగమంచులో ఆ రోడ్డు నిజంగా బాగుంటుంది. ఊరికి కొర్రబయలు అనే పాత పేరు కూడా ఉంది. రాత్రి బయట ఉంటే మనిషి కొర్రులా బిగుసుకుపోతాడని అంటారు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్ళే ఈ రోడ్డు పనికి బ్రిటిష్ కాలంలో మన్యం జనం చేత బలవంతంగా వెట్టి చేయించారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలి సరిగా ఇవ్వక, కొట్టించి పని చేయించాడు. అడవి చట్టాలకు తోడు ఈ రోడ్డు వెట్టి కూడా 1922లో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొర నడిపిన పోరాటానికి కారణం. ఆ ఆగస్టు 22న వాళ్ళు మొదట పట్టుకున్నది చింతపల్లి పోలీసు స్టేషనునే. అండమాన్ శిక్ష అనుభవించి వచ్చిన మల్లుదొర 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. మేము బళ్ళ మీద పాటలు పాడుకుంటూ దిగిన రోడ్డు అది.

ఈ సంగతి తెలిశాక ఆ రోడ్డు మీద నవ్వకూడదా? మాలో ఒకరికి అలా అనిపించింది. మేము ఒప్పుకోలేదు. వెట్టి చేసినవాళ్ళు తమ మనవలు ఆ దారిలో ఏడుస్తూ వెళ్ళాలని కోరుకోరు. రోడ్డు ఎవరి కోసం పుట్టిందన్నది ఒక ప్రశ్న, ఇప్పుడు ఎవరిని మోస్తోందన్నది మరో ప్రశ్న. పర్యాటకుల కోసం బాగుచేసిన రోడ్డు మీదే 108 బండి కూడా వస్తుంది. ఇది మంచే. అయితే వ్యూపాయింటు దాకా తారు వేసి, దానికి రెండు మైళ్ళ అవతలి గూడేనికి మట్టి బాట కూడా లేకపోవటం మంచి కాదు. డోలీ మోతలు ఇంకా ఆగలేదని ఏజెన్సీలో ఉన్న ప్రతి ఉపాధ్యాయుడికీ తెలుసు. రోడ్డు ఏ ఊరి దగ్గర ఆగిపోయిందో చూస్తే చాలు, అది ఎవరిని లెక్కలోకి తీసుకుందో తెలుస్తుంది.

ఇక ఎదురు వాదన. పర్యాటకులు రాకపోతే మన పిల్లలకు ఆ నాలుగు నెలల సంపాదన ఎక్కడిది? బొంగులో చికెన్ అమ్మేవాళ్ళు, గుడారాలు వేసేవాళ్ళు, జీపులు నడిపేవాళ్ళు, థింసా బృందాలు, కాఫీ అమ్మేవాళ్ళు ఏమవుతారు? ఇది న్యాయమైన మాట. మేము రాకపోకలకు వ్యతిరేకం కాదు. కొండకు కంచె వేయాలనేవాళ్ళం కాదు. ప్రశ్న అంతా పంపకం దగ్గరే ఉంది. దీనికి దారి అనంతగిరి మండలమే చూపించింది. బొర్రా చుట్టుపక్కల ఆదివాసుల ఊళ్ళలో గిరిజనేతరులకు గనుల లీజులు ఇచ్చినందుకు ‘సమత’ సంస్థ కోర్టుకు వెళ్ళింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు ఆ లీజులు చెల్లవంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు ఇవ్వకూడదంది. గనుల నికరలాభంలో కనీసం 20 శాతం అక్కడి నీటికి, బడికి, ఆసుపత్రికి, రోడ్డుకు శాశ్వత నిధిగా పక్కన పెట్టాలంది. ఆ తీర్పు గని గురించే. కానీ దాని వెనక ఉన్న న్యాయం గనికి మాత్రమే పరిమితం కాదు. కొండలోంచి రాయి తీసి అమ్మినా, కొండ మీది మంచును చూపించి అమ్మినా, కొండ నుంచి వచ్చిన దాంట్లో కొండకు వాటా ఉండాలి.

ఈ మాట పర్యాటకుడికంటే ముందు మనకు మనం చెప్పుకోవాలి. 1 ఆఫ్ 70 చట్టం ఉన్నా, గిరిజనుడి పేరు మీద ఉన్న భూమిలో మైదానం డబ్బుతో రిసార్టులు ఎలా లేస్తున్నాయి? ఎవరో ఒక గిరిజనుడు తన పేరు అరువిస్తేనే కదా. తాత కాపాడిన ఎకరం మనవడి సంతకంతో పోతుంటే, బయటివాళ్ళకు మర్యాద నేర్పటం కుదరదు. పీసా చట్టం 1996లో గ్రామసభకు గొంతు ఇచ్చింది. గ్రామసభ రోజున మనం గాజువాకలో డ్యూటీలో ఉంటే, మన బదులు ఎవరో తీర్మానం రాసేస్తారు. అప్పుడు ‘మా ఊరు’ అనే మాట కూడా మన దగ్గర తేలిపోతుంది.

ఇంకొక సంగతి కూడా ఉంది. గాజువాకలో మేమూ చూడటానికి వచ్చినవాళ్ళమే. ఆదివారం వస్తే యారాడ కొండ దాటి బీచికి వెళతాం, అప్పికొండ వెళతాం. సముద్రం చూస్తాం, ఫొటోలు దిగుతాం, చేపల వేపుడు తింటాం. గంగవరం ఓడరేవు కోసం తీరం వదులుకున్న మత్స్యకారుల గురించి అక్కడ ఉన్న ఇన్నేళ్ళలో మాలో ఎంతమందిమి అడిగాం? ‘మన వైజాగ్’ అని మేమూ అంటాం. అదే కొలత మాకూ వర్తిస్తుంది. అగనంపూడి కుర్రవాడు జోలాపుట్టు పెద్దాయన మాట విన్నట్టే, మేమూ వాళ్ళ నాన్న గోడ బయటినుంచి చూపించే ఇంటి కథ వినాలి. ఆదివాసులం కాబట్టి నష్టం సంగతి మాకు పుట్టుకతోనే తెలుసు అనుకోవటానికి లేదు. మన నష్టం మనకు తెలుసు. పక్కవాడి నష్టం అడిగితేనే తెలుస్తుంది.

కాబట్టి మొదటి ప్రశ్నకు మా జవాబు ఇది. చూసి వెళ్ళేవాడు బాకీ పడతాడు. ఆ బాకీ తీర్చటానికి అపరాధభావం పనికిరాదు. తలదించుకుని తిరిగేవాడికి కొండా కనిపించదు, మనిషీ కనిపించడు. బాకీ తీరేది మూడు పనులతో. వెళ్ళిన చోటు కథ అడిగి తెలుసుకోవటం. తీసుకునే ముందు అడగటం, అది ఫొటో అయినా, చేలో అడుగైనా. ఆ చోటుకు కష్టం వచ్చినప్పుడు అది తనకు సంబంధం లేని వార్త అనుకోకపోవటం. ఇవి చేసినవాడు ‘మన అరకు’ అంటే మాకు అభ్యంతరం లేదు. మేమే వాడిని థింసా వరసలోకి చేయి పట్టి లాగుతాం. వరసలో చేరాక మాత్రం పక్కవాళ్ళతో అడుగు కలపాలి, ఒక్కడే తన ఇష్టం వచ్చినట్టు గంతులేయటం కుదరదు.

ఇది చదివే ఉపాధ్యాయులకు ఒక విన్నపం. మీ పిల్లల చేత ఒక పటం గీయించండి. ఊరి చుట్టూ ఉన్న కొండలు, గెడ్డలు, శంకుదేముడి చోటు, నీళ్ళ కింద పోయిన ఊళ్ళు, రోడ్డు ఆగిపోయిన గూడేలు, అన్నిటి పేర్లూ అమ్మమ్మలను, తాతలను అడిగి రాయమనండి. ముంచింగిపుట్టు వైపు బడుల్లో ఈ పని ఇప్పుడే జరగాలి, ఆ పేర్లు తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు. పదేళ్ళ తరవాత ఆ పిల్లల్లో ఎవరైనా గైడు అయితే వాళ్ళ దగ్గర చెప్పటానికి ఎత్తు, ఉష్ణోగ్రత, వ్యూపాయింటు మాత్రమే కాకుండా ఒక ఊరి చరిత్ర ఉంటుంది. ఆ చరిత్ర చెప్పగలిగినవాడికి గుడారాల యజమాని దగ్గర కూలీగా ఉండిపోవలసిన అవసరం రాదు.

ఆశ్రమ పాఠశాలల విహారయాత్రలు ఏటా విశాఖ వస్తాయి. బీచి, జూ, కైలాసగిరి, సబ్‌మెరైన్ చూసి సాయంత్రానికి బస్సు తిరిగి ఘాట్ ఎక్కుతుంది. పిల్లలు సముద్రం చూడాలి, అది వాళ్ళ హక్కు. ఆ యాత్రలో ఒక్క గంట గాజువాకకు కూడా ఇవ్వండి. అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ నిర్వాసితుల కాలనీల్లో ఏదో ఒక వీధిలో బస్సు ఆపండి. అక్కడి పెద్దవాళ్ళు తమ ఊరి పేరు చెబుతారు, మన పిల్లలు తమ ఊరి పేరు చెబుతారు. ముందుగా చెబితే మేము కూడా వచ్చి నిలబడతాం. వచ్చే ఏడాది ఆ కాలనీ పిల్లల్ని మీ ఊరికి పిలవండి.